క్రొత్తగా తెచ్చిన మేకపిల్ల: దాని ఆరోగ్యరక్షణ

(షోలాపురమున మన వారి వారపు సమావేశములో చేసిన ప్రసంగము)



ఈ వారము మాట్లాడు వంతు మాకు వచ్చినది. ఏ విషయమును గూర్చి మాట్లాడుదురని కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేకపిల్లను గూర్చి అని చెప్పితిమి. వారు నవ్విరి. నూలు ధరలను గూర్చియో, పిల్లల తెలుగు చదువును గూర్చియో చెప్పుదుమని వారు అనుకొన్నట్లున్నది. ఆ విషయములు ఎక్కడికిని పోవు. ఈ మూడు నెలలలో మన వీధులలోనే నాలుగిండ్ల వారు మేకపిల్లలను తెచ్చుకొనిరి. వానిలో రెండు నెల తిరుగక మునుపే పోయినవి. ఆ యిండ్లలో పసిపిల్లలు రెండు దినములు అన్నము ముట్టలేదని వింటిమి. ఎండాకాలపు సెలవులు దగ్గర పడుచున్నవి. ఇంకను కొందరు తెత్తురు. కావున ఈ మాట ఇప్పుడే చెప్పుట మంచిదని తోచినది.

మేము పశువైద్యులము కాము. మెట్రిక్కుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్న వారము. మేము చెప్పబోవు దానిలో కొంత మా యింట జరిగిన తప్పు వలన నేర్చినది, తక్కినది ఆ తరువాత వైద్యుని విసిగించి తెలిసికొన్నది. మందు పేర్లు, మోతాదులు మా నోట వినగోరకుడు. అవి వైద్యుడు పిల్లను చూచి, తూచి చెప్పవలసినవి.

ముందుగా మా తప్పును చెప్పుకొందుము. 2019 సంక్రాంతికి మా అమ్మాయి పట్టుబట్టగా సంతలో ఒక నల్లని పిల్లను కొంటిమి. మూడు నెలల పిల్ల అని అమ్మినవాడు చెప్పెను. అప్పటికి అమ్మాయికి ఎనిమిదేండ్లు. మిట్టమధ్యాహ్నపు వేళ ఆటోలో కాళ్లు కట్టి తెచ్చితిమి. ఇంటికి రాగానే వీధిలోని పిల్లలందరును చుట్టుముట్టిరి. ఒకరు జొన్నరొట్టె పెట్టిరి, ఒకరు అన్నము పెట్టిరి, ఒకరు నువ్వుల లడ్డు పెట్టిరి. అది పెట్టినదెల్ల తినెను. తినుచున్నది గదా అని మేమును సంతోషించితిమి. గుప్పెళ్లతో జొన్నలు మేమే పోసితిమి. రెండవనాటి సాయంకాలము మా తల్లిగారు, "ఇది నెమరు వేస్తలేదురా, చూడు" అనిరి. మేము అంగడి కట్టి వచ్చిన అలసటలో నుంటిమి. ఆ మాట చెవికెక్కలేదు. మూడవనాడు దాని కడుపు ఎడమ ప్రక్క డోలు వలె ఉబ్బెను, పండ్లు కొరుకుచు తల వాల్చి నిలుచుండెను. పొరుగువారొకరు నూనె త్రాగించిన తగ్గుననిరి. తల పైకెత్తి పట్టి గొట్టముతో పోసితిమి. నాలుగవనాటి ఉదయము ఆసుపత్రికి తీసికొని పోవునప్పటికి అది కాళ్లపై నిలువలేకుండెను.

అక్కడ వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న "రవంథ్ చేయుచున్నదా" అని. చిన్నతనము నుండి మరాఠీలో బేరములాడిన వారమే గాని ఆ మాట మాకు తెలియదు. మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుచున్నది. ఆమెకు ఆ మాట తెలియును, దానికి తెలుగు తెలియదు. మా తల్లిగారికి నెమరన్న మాట తెలియును, రవంథ్ తెలియదు. అమ్మాయి దవడ ఆడించి చూపగా మా తల్లిగారు, "నెమరా? అది మొన్నటి నుండే లేదు గద!" అనిరి. వైద్యుడు మరి మాట్లాడలేదు. చేయవలసిన చికిత్స చేసెను గాని మధ్యాహ్నమునకు అది పోయినది. పాలు మాని ఎన్నో దినములు కాలేదనియు, దాని వయస్సు రెండు నెలలకు మించదనియు, గింజలు, అన్నము ఒక్కసారిగా పడుటచేత కడుపులో ఆమ్లము పుట్టి రక్తములోనికి ఎక్కినదనియు చెప్పెను. తల ఎత్తి పోసిన నూనె కొంత ఊపిరితిత్తులలోనికి పోయియుండవచ్చునని కూడ అనెను.

ఇంటికి వచ్చుచు దారిలో అమ్మాయి అడిగెను: "మనమేం పెట్టకపోతే అది బతుకుతుండెనా, బాపూ?" ఆ ప్రశ్నకు ఆనాడు బదులు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పగలము. దానికి ముందు మేక కడుపు ఎట్టిదో కొంచెము తెలియవలెను.

మేకకు కడుపున నాలుగు అరలు కలవు. పుట్టిన పిల్లకు పాలు జీర్ణము చేయు నాలుగవ అర ఒక్కటే పెద్దది. మొదటి అర, అనగా నెమరు సంచి, అప్పటికి చిన్న తిత్తి వంటిది. రెండు మూడు వారముల వయస్సున పిల్ల ఆకు కొరుకుట మొదలు పెట్టును. ఆ ఆకుతోడను, పీచుతోడను నెమరు సంచి పెరుగును. దానిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల కొలది చేరి కాపుర ముండును. మేక మేతను జీర్ణము చేయునది నిజమునకు ఆ జీవులే. ఆకు తినుటకు అలవాటు పడిన జీవులు వేరు, గింజకు అలవాటు పడినవి వేరు. ఒక గుంపు తగ్గి మరియొక గుంపు పెరుగుటకు వారము పది దినములు పట్టును. ఆ వ్యవధి ఇయ్యక ఒక్కనాడే జొన్నలు, అన్నము, రొట్టె, బెల్లము పోసిన యెడల ఆమ్లము పుట్టించు జీవులు విజృంభించి తక్కిన వానిని చంపివేయును. నెమరు ఆగును, కడుపుబ్బును, పారుడు పట్టును, పిల్ల తూలి పడిపోవును. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. మా పిల్లకు జరిగినది అక్షరాల ఇదియే. మేము ఆకలితో దానిని చంపలేదు, ముద్దుతో చంపితిమి.

కావున కొనుటకు ముందే కొన్ని సంగతులు విచారింపవలెను. నూలు బేలు విప్పి చూడక ఎవరును డబ్బు చెల్లింపరు గదా. పాలు మానిన పిల్లనే తీసికొనుడు. మూడు నెలలు నిండినదైన మేలు. పండ్లు చూచి వయస్సు చెప్పుదుమనువారు ఉందురు. నెల నిండునప్పటికే క్రింది దవడ ముందర ఎనిమిది పాలపండ్లును వచ్చును గనుక రెండు నెలల పిల్లకును మూడు నెలల పిల్లకును పండ్లలో భేదము తెలియదు. (పై దవడ ముందర మేకకు పండ్లుండవు, అది రోగము కాదు.) కావున తల్లిని చూపుమని అడుగుడు. సంతలో కంటె మేకలు పెంచువారి ఇంటనే కొనుట ఇందుచేతనే మేలు. తల్లిని చూడవచ్చును, తోడి మేకలలో దగ్గు, పారుడు ఉన్నదేమో చూడవచ్చును, పిల్ల పుట్టగానే మురిపాలు త్రాగినదా యని అడుగవచ్చును. పుట్టిన మొదటి గంటలలో త్రాగిన మురిపాలే పిల్లకు మొదటి నెలలలో రోగములను ఎదుర్కొను బలము నిచ్చును. దినము గడచిన తరువాత త్రాగించినను ఆ బలము ప్రేగులనుండి రక్తములోనికి ఎక్కదు.

మన ప్రాంతమున దొరకునది ఎక్కువగా ఉస్మానాబాదు జాతి. ఆ జిల్లాకు 2023లో ధారాశివ్ అని పేరు మారినను మేక పేరు మాత్రము మారలేదు. ఎక్కువ భాగము నల్లనివి. కవల పిల్లలను ఈనుట వానికి సాధారణము. ఎండకును, ఎండు మేతకును ఓర్చిన జాతి. దూరపు జాతుల మీద మోజు పడుటకంటె ఇది ఇంట పెంచుటకు సులభమని మా అభిప్రాయము.

పిల్లను చేత పట్టి చూడుడు. కన్ను మెరయుచుండవలెను, ముక్కు కారరాదు, తోక క్రింద పేడ అంటుకొని యుండరాదు, బొడ్డు ఎండి యుండవలెను, మోకాళ్ల కీళ్లు వాచి యుండరాదు. క్రింది కనురెప్పను మెల్లగా తెరచిన లోపల ఎఱ్ఱగా నుండవలెను, తెల్లబడి యుండరాదు. దీనిని గూర్చి మరల చెప్పెదము. అది ఏమి తినుచున్నదో, నట్టల మందు ఎప్పుడు త్రాగించిరో, టీకాలు ఏవి వేయించిరో అడిగి కాగితముపై వ్రాసికొనుడు. ఆ మేతనే ఒక గోనెడు వెంట తెచ్చుకొనుడు. ఈ గోనె మాటను మాత్రము మరువకుడు.

చల్లని వేళ తీసికొని రండు. కాళ్లు కట్టకుడు, క్రింద గోనెపట్టా పరచి నిలువనిండు. ఇంటికి వచ్చినది మొదలు మొదటి దినము నీరు, తెచ్చిన మేత, నిశ్శబ్దము, ఈ మూడు చాలును. వీధి పిల్లలకు దర్శనము మరునాడు ఇయ్యవచ్చును. ఇంటిలో వేరే మేకలున్న యెడల మూడు నాలుగు వారములు దీనిని దూరముగా నుంచవలెను. నీటి తొట్టి కూడ వేరుగా నుండవలెను. రోగము పైకి కనబడకుండ వెంట వచ్చుట కలదు.

ఒంటరి పిల్లను గూర్చి ఒక మాట. మేక మందలో పుట్టిన జీవి. తల్లిని విడిచిన పిల్ల రాత్రియంతయు అరచును. మేత మానును, బెంగతో బలము తగ్గును, బలము తగ్గినప్పుడు అణగియున్న రోగము లేచును. వీలున్న వారు రెండింటిని తీసికొనుట మంచిది. ఖర్చు రెట్టింపగునని భయపడుదురు గాని అట్లు కాదు. మేము 2021లో రెండవ సారి తెచ్చినప్పుడు ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడపిల్లలను తెచ్చితిమి. మొదటి రాత్రి రెండు మూడు సార్లు అరచి, ఒకదానిపై ఒకటి తల పెట్టి పండుకొన్నవి.

ఉండు చోటు పొడిగా నుండవలెను, తక్కినది తరువాత. తడి నేల మీద పండుకొన్న పిల్లకు ఊపిరితిత్తుల జబ్బును, రక్తపారుడును తప్పవు. రక్తపారుడు అనునది కంటికి కనబడని సూక్ష్మజీవి వలన, ముఖ్యముగా మూడు వారముల నుండి అయిదారు నెలల వరకు గల పిల్లలకు వచ్చును. పేడతో కలిసిన మేతను, నీటిని తీసికొనుట దానికి మూలము. చెక్క పలకలతో జానెడెత్తు అరుగు చేసి, సందులనుండి మూత్రము క్రిందికి పోవునట్లు చేసిన చాలును. మన ఊరి ఎండ ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటునని మీకు చెప్పనక్కర లేదు. రేకుల క్రింద కట్టకుడు, చెట్టు నీడ చాలును. ఎవరును చూడకుండ పలుపుతో కట్టి విడువకుడు. చిన్న పిల్ల చుట్టుకొని మెడకు ఉరి బిగియును. వీధి కుక్కల సంగతి మీరెరిగినదే.

ఇక మేత. మొదటి నాలుగైదు దినములు తెచ్చిన మేతయే పెట్టుడు. పిదప నాలుగవ వంతు క్రొత్తది కలిపి, వారము పది దినములలో పూర్తిగా మార్చవచ్చును. తుమ్మ, రేగు, వేప, అవిసె, రావి కొమ్మలు కట్టగా కట్టి దాని తల ఎత్తున వ్రేలాడదీయుడు. మేకది పై కొమ్మలను అందుకొను స్వభావము; నేల మీద వేసిన మేతను త్రొక్కి పాడుచేయును, తిన్నను పేడలోని నట్టల గ్రుడ్లను తినును. ఎండు మేతకు కంది పొట్టు, వేరుసెనగ తీగ మన ప్రాంతమున సులభముగా దొరకును. గింజ కావలెనన్న మూడు నెలల పిల్లకు దినమునకు యాభై గ్రాములతో మొదలుపెట్టి, పదునైదు దినములలో నూరు గ్రాములకు తేవచ్చును; నూక చేసి పెట్టుడు. యాభై గ్రాములనగా చిన్న పిడికెడు. దానిని ఇంటిలో ఒక్కరే పెట్టవలెను. నలుగురు నాలుగు పిడికిళ్లు పెట్టిన నాలుగింతలగును; మా యింట జరిగినది ఆ లెక్కయే. ఖనిజములు కలిసిన ఉప్పు ఇటుక ఒకటి వ్రేలాడదీసిన అది కావలసినంత నాకుకొనును.

పాలు మానని పిల్ల చేతికి వచ్చిన యెడల, మేకపాలు గాని ఆవుపాలు గాని గోరువెచ్చగా, దాని బరువులో పదవ వంతు, దినమునకు మూడు నాలుగు సార్లుగా సీసాతో పట్టవలెను. పిల్ల నిలుచుండి తల్లి పొదుగు నందుకొనునట్లు మెడ చాచి త్రాగవలెను. అట్లు చీకినప్పుడు పాలు నెమరు సంచిలోనికి పోక నేరుగా నాలుగవ అరకు చేరును. చంటిబిడ్డ వలె వెల్లకిల పండబెట్టి పట్టుట మన ఆడపడుచులకు అలవాటు; మేకకు అది ప్రమాదము.

తినకూడని వానిలో రెంటిని చెప్పెదము, ఈ రెండును మన ఇండ్ల దగ్గరనే ఉన్నవి గనుక. గన్నేరు ఒకటి. మన పెరళ్లలో పూజకొరకు పెంచుదుము; వాడిన మాలలు తీసి పెరటిలో పారవేయుదుము. ఎండిన గన్నేరాకు కూడ విషమే. గుండె కొట్టుకొనుట తప్పి పిల్ల కొలది గంటలలో పోవచ్చును. నిర్మాల్యమును మేకకు అందని చోట వేయుడు. రెండవది లేత జొన్న. జొన్నలు పండు దేశమిది. మొలకెత్తిన లేత పైరులోను, వానలేక వాడిన పైరులోను, కోసిన మోడుల నుండి చిగిర్చిన పిలకలలోను సైనైడు అను విషము పుట్టును. పైరు ముదిరిన కొలది తగ్గును. బాగుగా ఎండిన చొప్పకు ఆ భయము లేదు. పచ్చని చిగురు గదా అని కోసి తెచ్చి పెట్టిన వారి పిల్లలు నిమిషములలో గిలగిల తన్నుకొని చచ్చినవి. ప్లాస్టిక్ సంచుల మాట వేరే చెప్పనేల.

ప్రతిదినము ఉదయము రెండు నిమిషములు పిల్లను చూచుట అలవాటు చేసికొనుడు. చెవులు నిలిచియున్నవా? పిలిచిన వచ్చుచున్నదా? పెంటికలు విడివిడిగా, నల్లగా, గుండ్రముగా ఉన్నవా? మేత మేసి పండుకొన్న తరువాత నెమరు వేయుచున్నదా? ఒక పూట నెమరు లేకున్న గింజలు పూర్తిగా ఆపి, ఎండు మేత, నీరు మాత్రము ఉంచి, వైద్యునికి కబురు చేయుడు. మరునాటి వరకు చూతమనుకొనకుడు. ఇంట ఒక ఉష్ణమాపకము ఉంచుకొన్న మంచిది. మలద్వారమున ఒక నిమిషము పెట్టి చూడవలెను. మనకు 102 డిగ్రీలు జ్వరము. మేకకు అదియే ఆరోగ్యము. 101.5 నుండి 103.5 వరకు దాని సహజమైన వేడి. ఎండవేళ కొంచెము పెరుగును. 104 దాటి తగ్గకున్న జ్వరమే. వేడి తగ్గిపోయి చెవులు చల్లబడుట అంతకంటె చెడ్డ గుర్తు.

పారుడు పట్టినప్పుడు పిల్లను చంపునది ఎక్కువగా నీరు పోవుటయే. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యుని వద్దకు తీసికొని పొండు. బలవంతముగా ఏ ద్రవము పోసినను తల నేలకు సమముగా నుండవలెను, మూతి పైకెత్తరాదు. నోటి ప్రక్కనుండి కొంచెముగా పోసి మ్రింగనిచ్చి మరల పోయవలెను. మేము ఆనాడు చేసినది దీనికి సరిగా వ్యతిరేకము.

నట్టల మాట. మేక పొట్టలో రక్తము పీల్చు సన్నని పురుగు ఒకటి వానకాలమున విశేషముగా పెరుగును. కనురెప్ప లోపల తెల్లబడుట, దవడ క్రింద నీరు దిగి సంచి వలె వ్రేలాడుట దాని గుర్తులు. దక్షిణాఫ్రికా వారు ఈ కనురెప్ప రంగులకు అయిదు మెట్ల పటము చేసి, మందు అక్కర ఉన్న మేకకే ఇచ్చు పద్ధతిని నేర్పిరి. అందరికిని మాటిమాటికి పోసిన మందుకు పురుగులు లొంగకుండ పోవుచున్నవి గనుక ఇది మంచి పద్ధతి. పెంటికలు నాలుగు కాగితములో చుట్టి ఆసుపత్రికి తీసికొని పోయిన పరీక్షించి చెప్పుదురు. మందు బరువును బట్టి ఇయ్యవలెను. కంటిచూపుతో బరువు అంచనా వేయువారు ఎప్పుడును తప్పుదురు. మేము తక్కెడ వద్ద బ్రదికినవారము గనుక ఈ మాట ధైర్యముగా చెప్పగలము.

టీకాలలో ముఖ్యమైనవి మూడు నాలుగు. మొదటిది పి.పి.ఆర్. అను పారుడు రోగమునకు. జ్వరము, కండ్లు ముక్కు కారుట, నోటిలో పుండ్లు, పారుడు, పిదప ఊపిరితిత్తుల వాపు; మందలో సగము పోవుట కూడ కలదు. ఇది 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్టున గుర్తింపబడినది. మన దేశమున మొదట బయటపడినది 1987లో తమిళనాట. దానికి టీకా ముక్తేశ్వరము నందలి మన పరిశోధనశాలలోనే తయారైనది. మూడు నెలలు దాటిన పిల్లకు ఒక్క సూది వేసిన కనీసము మూడేండ్లు కాపాడును. దీని దాయాదియైన పశువుల పెద్దరోగము 2011లో ప్రపంచమున లేకుండ పోయినది. దీనిని కూడ 2030 నాటికి రూపుమాపవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి.

రెండవది చిటుకు రోగమునకు. చిటికె వేసినంతలో ప్రాణము తీయును గనుక ఆ పేరు వచ్చినదని మా తల్లిగారు చెప్పుదురు. ఇక్కడి ఆసుపత్రిలో దీనిని ఆంత్రవిషార మందురు. చిక్కిన పిల్లను విడిచి బలిసిన పిల్లనే ఇది పట్టును. తొలకరి పచ్చిక ఒక్కసారిగా మేసిన తరువాతను, గింజ హెచ్చిన తరువాతను వచ్చును. ఈ టీకా మొదటి సూదితో చాలదు. కొన్ని వారములకు రెండవది, పిదప ఏటేట వానలకు ముందు వేయింపవలెను. గాలికుంటునకు, అనగా ఇక్కడివారు లాళ్-ఖుర్కత్ అను దానికి, ఒకటి కలదు. మేక మశూచికి ఒకటి కలదు. వచ్చిననాడే సూదులన్నియు పొడిపింపకుడు. ప్రయాణపు బడలికలో నున్న పిల్లకు టీకా పట్టదు. వారము పది దినములు కుదుటపడనిచ్చి, నట్టల సంగతి చూచుకొని, పిదప వైద్యుడు చెప్పిన వరుసను నడచుకొనుడు. ఊరిలో రోగము తిరుగుచున్నదన్న మాత్రము ఆయన తొందరపెట్టవచ్చును. సర్కారు పశువైద్యశాలలో ఈ టీకాలు వేయుదురు. ఇప్పుడు అనేక రాష్ట్రములలో 1962 అను సంఖ్యకు ఫోను చేసిన వైద్యుడు బండిలో ఇంటికే వచ్చు ఏర్పాటు కూడ జరిగినది.

పోతుపిల్లను ముద్దుకు పెంచువారికి ఒక హెచ్చరిక. విత్తు కొట్టించిన పోతుకు గింజలు ఎక్కువైన యెడల మూత్రనాళమున రాళ్లు అడ్డుపడును; మరీ చిన్నతనమున కొట్టించిన నాళము సన్నముగా నిలిచిపోయి ఆ భయము హెచ్చును. తోక ఆడించుచు ముక్కుచు, బొట్టు బొట్టుగా పోయుచు అరచుచున్న పోతును మలబద్ధకమని ఇంట ఉంచుకొనకుడు. అది గంటలలో ప్రాణము తీయు విషయము. కొట్టించునప్పుడు ధనుర్వాతపు టీకా సంగతి అడుగుడు.

మ్రొక్కుబడికని తెచ్చిన పిల్లకు పిల్లలచేత పేరు పెట్టింపకుడని కూడ, ఎవరును నొచ్చుకొనరను నమ్మకముతో, చెప్పుచున్నాము. అది ఏ పిల్లయో కొన్ననాడే ఇంట తేల్చి చెప్పుట మంచిది.

మన పిల్లల ఆరోగ్యము కూడ చూడవలెను గదా. మేక మూతి చుట్టును పొక్కులు లేచు ఒక జబ్బు కలదు. అది తాకిన వారి చేతికి అంటును. తామర కూడ అంటును. మేకతో ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడుగవలెను, మూతి ముద్దు పెట్టుకొనరాదు, పాలు కాచక త్రాగరాదు. ఈనుచున్న మేక వద్దకు గర్భవతులు పోరాదు.

మా అమ్మాయి ప్రశ్నకు బదులు చెప్పుదుమంటిమి. ఏమియు పెట్టకుండినను ఆ పిల్ల బ్రతికియుండదు; అది పాలు మానదగిన వయస్సు కాదు. కాని తెచ్చిన మేతయే పెట్టి, సీసాతో పాలు పట్టి, రెండవనాటి సాయంకాలము మా తల్లిగారి మాట విని బయలుదేరి యున్న యెడల చాల వరకు బ్రతికెడిదే. ఈ మాట అమ్మాయికి కూడ చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. మరుసటి వారము అంగడి నుండి ఒక పాత చిట్టా పుస్తకము తీసికొని పోయెను.

2021లో రెండు పిల్లలు వచ్చిననాటి నుండి ఆ పుస్తకములో లెక్క నడచుచున్నది. ఎడమ ప్రక్క తేదీ, బరువు. కుడి ప్రక్క మేత, పెంటికల రీతి, మందు, సూది. మొదటి యేడు ఆదివారమాదివారము తూచితిమి. రెండు వారములు బరువు పెరుగకున్న పెంటికలు పరీక్షకు పోయెడివి. అట్లు రెండు సార్లు నట్టలు ముందుగానే బయటపడినవి. ఆ పుస్తకములో నెమరన్న మాట తెలుగులోనే వ్రాయబడి యున్నది, ప్రక్కన రవంథ్ అని మరాఠీలో. ఆసుపత్రికి పోవునప్పుడు ఆమెయే పుస్తకము చదివి చెప్పును. మా తల్లిగారు ప్రక్కన కూర్చుండి, విడిచిన మాట ఏదైన ఉన్న అందించుదురు.

ఆదివారము ఉదయము ఎనిమిది గంటల నుండి పది వరకు మా అంగడి తక్కెడకు పని లేదు. పిల్లలున్న వారు తీసికొని రండు, తూచి ఇత్తుము. గోనెపట్టా మాత్రము మీరే తెచ్చుకొనుడు.